వంద రోజులాడినా తీరని అప్పు: కుటుంబ చిత్రాల నిర్మాత లెక్క

సినిమా వంద రోజులాడింది. శతదినోత్సవం చేశారు, షీల్డులు పంచారు. రెండేళ్ళు తిరక్కుండా నిర్మాత ఇల్లు అమ్ముకున్నాడు. తెలుగు సినిమా వ్యాపారాన్ని దూరం నుంచి చూసినవాళ్ళు కూడా ఇలాంటి కథ ఒకటైనా విని ఉంటారు. ఆయన జల్సాలు చేశాడనో, చుట్టూ ఉన్నవాళ్ళు ముంచారనో కారణం కూడా వెంటనే చెప్పేస్తారు. అలాంటివి జరగవని కాదు. కానీ చాలాసార్లు అసలు కారణం అంత రంజుగా ఉండదు. ఒప్పందం కాగితంలో, వడ్డీ పద్దులో, థియేటర్ అద్దె దగ్గర ఉంటుంది. ముఖ్యంగా కుటుంబ కథా చిత్రాలు తీసే నిర్మాత విషయంలో ఈ మూడూ కలిసి ఒక వింత పరిస్థితి తెచ్చిపెడతాయి: ప్రేక్షకులకు సినిమా నచ్చుతుంది, డబ్బు మాత్రం తీసినవాడి దాకా రాదు.

ముందు స్వతంత్ర నిర్మాత అంటే ఎవరో తేల్చుకుందాం. సొంత స్టూడియో, సొంత థియేటర్లు, సొంత పంపిణీ సంస్థ, సొంత ఛానెల్ ఏవీ లేనివాడు. చేతిలో ఒక కథ, ఒక బ్యానర్ పేరు, కొంచెం సొంత డబ్బు, బోలెడంత పరపతి ఉంటాయి. తెనాలి చక్రపాణి గొప్ప కుటుంబ చిత్రాలు తీశారు, నిజమే. కానీ నాగిరెడ్డితో కలిసి ఆయన పనిచేసిన చోట వాహినీ స్టూడియో వాళ్ళ చేతిలోనే ఉంది. ఒక సినిమా తడబడినా ఫ్లోర్లు అద్దెకు పోతూనే ఉంటాయి. స్వతంత్ర నిర్మాతకు ఆ వెసులుబాటు లేదు. సినిమా ఉన్నన్నాళ్ళే ఆయన ఆఫీసు. విడుదలైన నెలకు ఆఫీసులో మిగిలేది ఒక మేనేజరు, ఒక ఫోను.

సినిమాలు మద్రాసులో తీశారు, తర్వాత హైదరాబాదులో తీశారు. మరి ఈ లెక్కలకు బెజవాడతో ఏం పని అంటే, డబ్బు ఇక్కడ పుట్టింది, ఇక్కడికే తిరిగొచ్చింది. 1855లో కృష్ణా మీద ఆనకట్ట వచ్చాక డెల్టాలో పంట మిగులు మొదలైంది. ఆ మిగులు రైసు మిల్లుల్లోకి, పొగాకులోకి, మిర్చిలోకి, ఆ తర్వాత సినిమా హాళ్ళలోకి పాకింది. 1921 నాటికే బెజవాడలో మారుతీ సినిమా హాలు ఉంది. మద్రాసు, హైదరాబాదు, కలకత్తా రైళ్ళన్నీ కలిసే జంక్షన్ కావడంతో ప్రింటు బాక్సులు దింపుకోవడానికీ, ఊళ్ళకు పంపడానికీ ఇంతకంటే అనువైన ఊరు లేదు. అందుకే స్టేషనుకు దగ్గర్లోని గాంధీనగర్ పంపిణీ ఆఫీసుల పేట అయింది. నవయుగ లాంటి సంస్థలు ఇక్కడి నుంచే సినిమాల తలరాతలు రాశాయి. కథ మద్రాసులో ఓకే అయ్యేది. డబ్బు మాత్రం గాంధీనగర్‌లో ఓకే కావాలి.

అక్కడ ఉపయోగించే భూగోళం వేరు. సినిమా హక్కులు అమ్మే ఏరియాలివి: నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్ (రెండు గోదావరి జిల్లాలు), కృష్ణా, గుంటూరు, నెల్లూరు. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 26 అయ్యాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది, గుంటూరు నుంచి పల్నాడు విడిపోయింది. ట్రేడ్‌లో మాత్రం ఇవాళ్టికీ 'కృష్ణా ఎంతకు ఇచ్చారు, గుంటూరు ఎవరు కొన్నారు' అనే అడుగుతారు. నిజాం ఇంగ్లీషువాళ్ళకు 1800లో దత్తం చేసిన ప్రాంతం పేరు ఇంకా సీడెడ్‌గా బతికున్నప్పుడు, కృష్ణా జిల్లా మారిందంటే ఎవరు పట్టించుకుంటారు!

ఈ ఏరియాలను అమ్మే పద్ధతులు ప్రధానంగా నాలుగు. అవుట్‌రైట్ అయితే ఒక మొత్తం తీసుకుని ఆ ఏరియా హక్కు గడువు మేరకు రాసిచ్చేయడమే. తర్వాత సినిమా ఏడాది ఆడినా నిర్మాతకు పైసా రాదు. ఎంజీ, అంటే మినిమమ్ గ్యారంటీ పద్ధతిలో డిస్ట్రిబ్యూటర్ ఇంతని హామీ ఇస్తాడు. వసూళ్ళు ఆ మొత్తమూ, ఖర్చులూ, కమీషనూ దాటితే పైన వచ్చేదాంట్లో, అంటే ఓవర్‌ఫ్లోలో, నిర్మాతకు వాటా ఉంటుంది. ఎన్ఆర్ఏ, అంటే తిరిగివ్వనక్కర్లేని అడ్వాన్సు, దాదాపు ఇదే దారి. చివరిది మామూలు అడ్వాన్సు. సినిమా ఆడకపోతే వెనక్కి కట్టాలి, లేదా వచ్చే సినిమాలో సర్దాలి. కాగితం మీద ఇవి స్పష్టంగానే ఉంటాయి. ఆచరణలో తిరిగివ్వనక్కర్లేని అడ్వాన్సు కూడా సినిమా పోతే తిరిగి అడగబడుతుంది. నిర్మాత కొంతైనా ఇస్తాడు. ఎందుకంటే వచ్చే సినిమా అమ్మాల్సింది మళ్ళీ అదే గాంధీనగర్‌లో, అదే మనిషికి. లాభం కాగితం ప్రకారం, నష్టం మొహమాటం ప్రకారం పంచుకునే వ్యాపారం ఇది.

ఇప్పుడు వంద రోజుల చిక్కుముడి సగం విడిపోయింది. నిర్మాత దగ్గర డబ్బుల్లేవు. షూటింగ్ పూర్తి చేయాలి. కృష్ణా, గుంటూరు అవుట్‌రైట్‌కు అమ్మేశాడు. ఆ తర్వాత సినిమా విజయవాడలో వంద రోజులాడితే సంబరం నిర్మాతది, సొమ్ము డిస్ట్రిబ్యూటర్‌ది. పైగా ఆ వంద రోజుల్లో చివరి ముప్పై, నలభై రోజులు నూన్ షోలతో ఈడ్చినవీ ఉంటాయి. ఆడాయా, ఆడించారా అని మనవాళ్ళు ఊరికే అడగరు.

మిగతా సగం వడ్డీలో ఉంది. ఒక ఉదాహరణ అనుకుందాం. సినిమా ఖర్చు నాలుగు కోట్లు. సొంత డబ్బు ఒక కోటి, ఏరియా అడ్వాన్సులు ఒక కోటి, మిగతా రెండు కోట్లు ఫైనాన్స్. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నాలుగు లక్షలు. పది నెలల్లో విడుదల చేస్తే వడ్డీ 40 లక్షలు. హీరోయిన్ డేట్లు దొరక్క, థియేటర్లు దొరక్క, మధ్యలో పెద్ద సినిమాలు అడ్డొచ్చి 18 నెలలు పట్టిందనుకోండి, వడ్డీ 72 లక్షలు. సినిమాలో ఒక్క సీను పెరగలేదు, ఖర్చు మాత్రం 32 లక్షలు పెరిగింది. ఉమ్మడి కుటుంబం కథంటే ఒకే ఇంట్లో పదిహేను, ఇరవై మంది నటులు కలిసి కనిపించాలి. అంతమంది క్యారెక్టర్ ఆర్టిస్టుల డేట్లు ఒకే వారంలో కుదర్చడం ఎంత కష్టమో మేనేజర్లను అడిగితే చెబుతారు. చిన్న బడ్జెట్ అని మనం చులకనగా చూసే కుటుంబ చిత్రం డేట్ల విషయంలో యుద్ధం సినిమా కంటే మొండిది.

ఫైనాన్షియర్ దగ్గర కుదువ పెట్టేది ఏమిటి? రీలు కాలంలో నెగటివ్, అంటే ప్రింట్లు తీయడానికి మూలమైన ఫిల్ము. అది ల్యాబ్‌లో ఉంటుంది. అప్పు తీరిందని ఫైనాన్షియర్ లెటర్ ఇస్తేనే ల్యాబ్ వాళ్ళు ప్రింట్లు తీసేవారు.  విడుదల ముందు రాత్రి తెల్లవార్లూ పంచాయితీలు జరిగి, ఉదయం ఆట పడుతుందా లేదా అని డిస్ట్రిబ్యూటర్లు టెన్షన్‌తో కూర్చునేది దీని కోసమే. ఇప్పుడు ప్రింట్లు లేవు. డిజిటల్ కంపెనీ పంపే తాళం ఫైలు వస్తేనే ప్రొజెక్టర్‌లో బొమ్మ పడుతుంది. పంచాయితీ మాత్రం అదే. ల్యాబ్ బదులు డిజిటల్ సర్వర్ దగ్గర జరుగుతోంది. దానికి తోడు థియేటర్‌లో డిజిటల్ ప్రదర్శన ఖర్చు పేరుతో నిర్మాత దగ్గర వసూలు చేసే ఫీజు ఒకటుంది. 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు కొత్త సినిమాలు ఆపింది దాని మీదే. ఐదొందల థియేటర్లలో పడే సినిమాకు ఆ ఫీజు భారం కాకపోవచ్చు. ముప్పై మంది వచ్చే ఆటకు కూడా అదే ఫీజు కట్టాల్సిన చిన్న నిర్మాతకు నొప్పి తెలుస్తుంది.

ఇక అసలు విషయం, థియేటర్. మన దగ్గర సింగిల్ స్క్రీన్లు ఎక్కువగా వారపు అద్దె మీద నడుస్తాయి. టికెట్ల డబ్బులోంచి పన్ను పోగా మిగిలింది నెట్. నెట్‌లోంచి అద్దె పోగా మిగిలింది షేర్. పేపర్లలో, పోస్టర్ల మీద కనిపించే గ్రాస్, అంటే మొత్తం టికెట్ల వసూలు, అంకెతో నిర్మాతకు పెద్దగా సంబంధం లేదు.

గుంటూరులో 600 సీట్ల ఏసీ హాలు తీసుకుందాం. అంకెలు అర్థం కావడానికి వేసుకున్నవే, ఏ ఒక్క థియేటర్‌వీ కావు. రోజుకు నాలుగు ఆటలు, వారానికి 28 ఆటలు. హాలు నిండా జనం వస్తే 16,800 టికెట్లు. పన్ను పోను టికెట్‌కు సగటున 120 రూపాయలు, వారం అద్దె నాలుగున్నర లక్షలు అనుకుందాం. వారంలో సీట్లు 20 శాతమే నిండితే నెట్ 4,03,200. అద్దెకే చాలదు, 46,800 ఎదురు కట్టాలి. దీన్ని డెఫిసిట్ అంటారు. 30 శాతం నిండితే షేర్ 1,54,800. 60 శాతం నిండితే 7,59,600. జనం రెట్టింపయ్యారు, షేర్ ఐదు రెట్లకు దగ్గరగా వచ్చింది. అద్దె పద్ధతిలో ఉన్న మజా, ప్రమాదం రెండూ ఇవే.

ఇందులో కుటుంబ చిత్రానికి ప్రత్యేకంగా పడే దెబ్బ ఒకటుంది. పెద్ద హీరో సినిమా మొదటి వారం 80 శాతం, రెండో వారం 35 శాతం నిండి దిగిపోయిందనుకోండి. కుటుంబ చిత్రం మొదటి వారం 30, మౌత్ టాక్ పాకి రెండో వారం 45, మూడో వారం 40 శాతం ఆడింది. రెండూ అమ్మినవి అవే 19,320 టికెట్లు. నెట్ కూడా అదే 23,18,400. కానీ హీరో సినిమా రెండు అద్దెలు కట్టి 14,18,400 ఇంటికి తీసుకెళ్ళింది. కుటుంబ చిత్రం మూడు అద్దెలు కట్టి 9,68,400తో సరిపెట్టుకుంది. సమానంగా ఆడిన సినిమా, సమానంగా నచ్చిన సినిమా, కేవలం నిదానంగా నచ్చినందుకు నాలుగున్నర లక్షలు తక్కువ. ఇది ఒక్క హాలులో. దీన్ని వంద హాళ్ళకు వేసుకోండి.

ఇప్పుడు మొదటి వారం 30 శాతం చూసి రెండో వారం ఉంచేవాళ్ళు ఎవరు? హాళ్ళ లీజులు కొద్దిమంది చేతుల్లో ఉన్నాయన్నది చిన్న నిర్మాతల పాత ఆరోపణ. అందులో నిజం ఎంతైనా కానీ, శుక్రవారం కొత్త సినిమా వస్తుంటే పాతదాన్ని దించడం లీజుదారుకు వ్యాపారమే, కక్ష కాదు. ఒకప్పుడు ఊరికి హాళ్ళు తక్కువైనా వారానికి వచ్చే సినిమాలూ తక్కువే. మ్యాట్నీకి పక్క పల్లెల నుంచి ఆడవాళ్ళు బళ్ళ మీద, బస్సుల మీద వచ్చేవారు. సోమవారం చూసినావిడ బుధవారం నలుగురికి చెబితే, ఆ నలుగురు వచ్చే ఆదివారానికి వచ్చినా సినిమా అక్కడే ఉండేది. మాట పాకడానికి పట్టే ఆ పది రోజులే కుటుంబ చిత్రానికి పెట్టుబడి. ఇవాళ ఆదివారం సెకండ్ షోకల్లా సినిమా జాతకం రాసేస్తున్నారు.

అలాంటప్పుడు పాతవాళ్ళు ఎలా నిలబడ్డారు? అన్నపూర్ణా పిక్చర్స్‌ని చూస్తే కొంత తెలుస్తుంది. కృష్ణా జిల్లా మనిషి దుక్కిపాటి మధుసూదనరావు ఆ సంస్థను నడిపారు. అక్కినేని నాగేశ్వరరావు ఛైర్మన్. అంటే హీరో పారితోషికం తీసుకుని వెళ్ళిపోయే మనిషి కాదు, సంస్థలో మనిషి. నిర్మాతకు అతి పెద్ద ఖర్చూ, అతి పెద్ద టెన్షనూ అయిన డేట్ల సమస్య అక్కడే సగం తీరిపోయింది. రెండోది, కథ. 1957 నాటి 'తోడికోడళ్ళు'కు శరత్ నవల ఆధారం. 1964లో వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి'కి కోడూరి కౌసల్యాదేవి నవల 'చక్రభ్రమణం' ఆధారం. నవల చదివిన ఆడవాళ్ళు పోస్టర్ పడకముందే సగం ప్రేక్షకులు. ఆ సినిమాకే ఆ ఏటి ఉత్తమ చిత్రంగా బంగారు నంది వచ్చింది. మూడోది, తోడికోడళ్ళను అప్పుడే తమిళంలోనూ తీశారు. ఒకే కథ, అవే సెట్లు, రెండు మార్కెట్లు. ఇప్పుడు పాన్ ఇండియా అని గొప్పగా చెప్పుకునే లెక్కను వాళ్ళు ఖర్చు తగ్గించుకోవడానికి వాడుకున్నారు. మధుసూదనరావు కథ పూర్తయ్యేదాకా సెట్ మీదకు వెళ్ళని నిర్మాతగా పేరు పడ్డారు. దాన్ని కళాభిరుచి అంటారు అందరూ. నాకైతే అది వడ్డీ తగ్గించుకునే పద్ధతిగానూ కనిపిస్తుంది. కాగితం మీద మార్చుకుంటే ఖర్చు లేదు, సెట్ మీద మార్చుకుంటే అందరి రోజు బేటాలూ (దినభత్యాలు) కట్టాలి.

తర్వాతి తరంలో బెజవాడలో పుట్టిన కాట్రగడ్డ మురారి ఉన్నారు. యువచిత్ర బ్యానర్ మీద 1978లో 'సీతామాలక్ష్మి'తో మొదలుపెట్టి, 'గోరింటాకు', 'సీతారామ కళ్యాణం', 'జానకి రాముడు' మీదుగా 1990లో 'నారీ నారీ నడుమ మురారి' దాకా తొమ్మిది సినిమాలు తీశారు. ఎక్కువ శాతం జనం ఇష్టపడ్డవే. 2022లో చనిపోయేవరకూ, అంటే మరో 32 ఏళ్ళు, ఇంకో సినిమా తీయలేదు. స్వతంత్ర నిర్మాతల జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే పది, పన్నెండేళ్ళ ఈ ఆకారం తరచూ కనిపిస్తుంది. దర్శకుడు, నటుడు నలభై ఏళ్ళు పనిచేస్తారు. నిర్మాత మాత్రం ఒక తరం ప్రేక్షకులతో, ఒక రకం వ్యాపార పద్ధతితో కలిసి వస్తాడు, ఆ పద్ధతి మారగానే ఆగుతాడు. ఆగడం ఓడిపోవడం కాదు. ఆగాల్సిన చోట ఆగక, పరువు కోసం ఇంకో రెండు తీసి మునిగినవాళ్ళే ఎక్కువ.

ఆ పద్ధతి మారిన సంవత్సరం అంటూ ఒకటి చెప్పాలంటే 1995. ఆ ఏడాదే జెమినీ, ఈటీవీ మొదలయ్యాయి. కుటుంబ చిత్రం ప్రేక్షకురాలు సరిగ్గా ఆ ఛానెళ్ళ ప్రేక్షకురాలే. మ్యాట్నీకి వెళ్ళే టైములో సీరియల్ వస్తోంది. అత్తాకోడళ్ళ కథ రోజూ అరగంట ఉచితంగా దొరుకుతుంటే బస్సెక్కి వెళ్ళి చూడాల్సిన పనేముంది? ఇది అందరికీ తెలిసిన నష్టమే. అంతగా మాట్లాడుకోని లాభం ఒకటుంది. అదే ఛానెళ్ళకు పాత సినిమాలు కావాలి. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగ్గవి కావాలి. పైగా పెద్దలకు మాత్రమే అనే ఏ సర్టిఫికెట్ సినిమాను టీవీలో వేయకూడదు కాబట్టి క్లీన్ యూ సర్టిఫికెట్ ఉన్న కుటుంబ చిత్రాలకు గిరాకీ వచ్చింది. థియేటర్‌లో ఒక్కసారి సంపాదించి బీరువా ఎక్కిన సినిమా, ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ డబ్బు తెచ్చింది.

ఎవరికి తెచ్చిందన్నదే ప్రశ్న. చట్టం దృష్టిలో సినిమాకు కర్త దర్శకుడు కాదు, నిర్మాత. విడుదలైన తర్వాతి ఏడాది మొదటి తారీఖు నుంచి 60 ఏళ్ళు కాపీరైట్ ఆయనదే. 1964లో విడుదలైన సినిమాకు అది 2024 డిసెంబరు ఆఖరుతో ముగిసిందన్నమాట. కానీ ఈ అరవై ఏళ్ళ ఆస్తిని చాలామంది మొదటి మూడు, నాలుగేళ్ళలోనే వదిలేసుకున్నారు. వడ్డీ కట్టలేక నెగటివ్ హక్కులు ఫైనాన్షియర్‌కు రాసిచ్చారు. అప్పటికి నెగటివ్ అంటే ఏముంది, రీ-రిలీజుకు నాలుగు ప్రింట్లు తీసుకోవచ్చు, అంతే. టీవీ వస్తుందని, వీడియో వస్తుందని, ఫోనులో సినిమా చూస్తారని ఎవరూ కలగనలేదు. తర్వాత శాటిలైట్ హక్కులు, అంటే టీవీలో వేసుకునే హక్కులు, వచ్చాక ఇదేదో ఊరికే వచ్చిన డబ్బని తొంభైతొమ్మిదేళ్ళకు రాసిచ్చిన వాళ్ళూ ఉన్నారు. ఆ కాగితాల్లో 'ప్రస్తుతం ఉన్న, భవిష్యత్తులో రాబోయే అన్ని మాధ్యమాలు' అన్న ఒక్క ముక్క ఉంటే యూట్యూబ్ ఆదాయం కూడా కొన్నవాడిదే.

అందుకే ఒక కుటుంబ చిత్రాల నిర్మాత నెగ్గాడా లేదా అని తేల్చడానికి హిట్ల జాబితా చూడటం నాకు సరైన కొలతగా అనిపించదు. పదేళ్ళ తర్వాత ఆయన చేతిలో ఎన్ని సినిమాల హక్కులు మిగిలాయన్నది చూడాలి. యాక్షన్ సినిమాకు హిందీ డబ్బింగ్ హక్కు అమ్ముకుని వెంటనే గట్టెక్కే దారి ఉంది. పేరంటం, పెళ్ళిచూపులు, మేనరికం చుట్టూ తిరిగే కథకు ఆ ధర పలకదు. దాని విలువంతా తెలుగు ఇంట్లోనే, అదీ ఏళ్ళ తరబడి పండగలకు మళ్ళీ మళ్ళీ వేయడంలోనే ఉంటుంది. పొలం కౌలుకిచ్చినట్టు ఆరేళ్ళకో, ఏడేళ్ళకో హక్కు ఇచ్చి వెనక్కి తీసుకున్నవాడు ముసలితనంలో పింఛను తిన్నాడు. రిజిస్ట్రేషన్ చేసిచ్చినవాడు తన సినిమానే టీవీలో చూసి ఛానెల్ మార్చాడు.

ఓటీటీ ఇదే కథను వేగం పెంచి నడిపింది. 2020లో హాళ్ళు మూతపడ్డప్పుడు చిన్న నిర్మాతలకు ఊపిరి పోసింది అదే. కొంతకాలం విడుదలకు ముందే ఖర్చులో పెద్ద భాగం ఓటీటీ ఇచ్చేసేది. ఆ నమ్మకంతో బడ్జెట్లు పెరిగాయి. తర్వాత ఆ సంస్థలు చేయి బిగించాయి, బడ్జెట్లు మాత్రం దిగలేదు. ఇంకో మెలిక ఏమిటంటే, నాలుగు వారాల్లో ఇంటికి వస్తుందని తెలిస్తే ముందు ఆగేది కుటుంబమే. కుర్రాడు ఒక్కడే వెళ్ళి చూసొస్తాడు. కుటుంబం అంటే ఒకేసారి నాలుగు టికెట్లు. ఆంధ్రాలో నగరాల మల్టీప్లెక్సుల్లో మామూలు సీటు 150, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 177. నలుగురికి 708. పాప్‌కార్న్, పార్కింగ్ లెక్క వేయడం లేదు. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపి చర్చించుకున్న విషయాల్లో ఓటీటీ గడువు, అంటే హాలులో పడ్డాక ఎన్నాళ్ళకు ఓటీటీకి ఇవ్వాలన్నది, ఒకటి. పెద్ద సినిమాలకు ఎనిమిది వారాలు అని అనుకున్నారు. చిన్న నిర్మాతకు అంత ఓపిక పట్టే స్తోమత లేదు. ఎంత త్వరగా ఇస్తే అంత ఎక్కువ ధర అన్నది బేరం. త్వరగా ఇస్తే థియేటర్‌కు రావలసిన కుటుంబం ఇంట్లోనే ఆగిపోతుంది.

సంక్రాంతి మాత్రం మినహాయింపు. 2017లో 'శతమానం భవతి', 2025లో 'సంక్రాంతికి వస్తున్నాం' చూసిన జనాన్ని తలుచుకుంటే కుటుంబాలు థియేటర్లకు దూరమయ్యాయని ఎవరూ అనలేరు. రెండూ దిల్ రాజు బ్యానర్‌వే. ఆయన స్వయంగా నైజాం డిస్ట్రిబ్యూటర్. పండగకు హాళ్ళు దొరకడం ఎంత గట్టి బలమో అక్కడే తెలుస్తుంది. పండగ రోజుల్లో నిదానంగా నచ్చే సినిమా అంటూ ఉండదు. పది రోజుల మౌత్ టాక్ మూడు రోజుల్లో అయిపోతుంది, ఎందుకంటే అందరూ ఊళ్ళోనే, ఒకే అరుగు మీద ఉంటారు. స్వతంత్ర నిర్మాతకు ఆ మూడు రోజులు దొరకవు. ఆయనకు దక్కేది ఫిబ్రవరి, పరీక్షల కాలం.

ప్రభుత్వం చేయి వేయలేదని కాదు. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ రేట్లను బాగా దించింది. పంచాయతీల్లోని నాన్ ఏసీ హాలులో కింద క్లాసు ఐదు రూపాయలు. టికెట్ చవకైతే కుటుంబాలు వస్తాయన్నది వినడానికి బాగుంది గానీ, ఐదు రూపాయలతో కరెంటు బిల్లే రాదు. 2022 మార్చిలో కొత్త జీవో వచ్చింది. కనీసం 20, గరిష్ఠంగా 250, జీఎస్టీ అదనం. అందులోనే ఐదో ఆటకు అనుమతిస్తూ, 20 కోట్లలోపు బడ్జెట్ సినిమాకు ఉదయం 11, రాత్రి 9 మధ్య ఒక ఆట ఇవ్వాలన్నారు. ఉద్దేశం మంచిదే. కానీ ఒక్క ఆటతో వారపు అద్దె లెక్క కుదరదు, ఆటకు ఇంతని విడిగా బేరమాడుకోవాలి. 2025 సెప్టెంబరులో వంద రూపాయల్లోపు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఇది చిన్న ఊళ్ళ హాళ్ళకు, అంటే కుటుంబ చిత్రం ఎక్కువ రోజులు ఆడే హాళ్ళకు, నేరుగా పనికొచ్చే మార్పు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది 2025 వేసవిలో జరిగిన గొడవ అని నా ఉద్దేశం. అద్దె వద్దు, పర్సంటేజీ కావాలని రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు, అంటే హాళ్ళు నడిపేవాళ్ళు, పట్టుబట్టారు. జూన్ 1 నుంచి హాళ్ళు మూసేస్తామన్నారు, చివరికి మూయలేదు. వార్తల్లో అది పెద్ద హీరోల సినిమాల చుట్టూ తిరిగిన రాజకీయంగా మిగిలింది. ఇందాకటి గుంటూరు హాలుకు సగం సగం పద్ధతి వేసి చూడండి. 80 శాతం నిండిన వారానికి అద్దె పద్ధతిలో 11,62,800 వస్తుంటే, సగం వాటా అయితే 8,06,400. పెద్ద సినిమాకు నష్టం, అందుకే వాళ్ళు ఒప్పుకోరు. 30 శాతం వారానికి 1,54,800 బదులు 3,02,400. 20 శాతం వారానికి ఎదురు కట్టే 46,800 పోయి, 2,01,600 చేతికొస్తుంది. ఈ అంకెల్లో గీత 45 శాతం దగ్గర పడుతుంది. అంతకంటే తక్కువ నిండే సినిమాకు పర్సంటేజీయే మేలు, కుటుంబ చిత్రాల వారాల్లో ఎక్కువ భాగం ఆ గీత కిందే గడుస్తాయి.

అయితే ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు రెండో వారం దగ్గర ఆగి చదవాలి. 2009లో హిందీ నిర్మాతలు మల్టీప్లెక్సులకు సినిమాలు ఆపేసి సాధించుకున్న ఒప్పందంలో వాటా మొదటి వారం 50, తర్వాత 42.5, 37.5, ఆపైన 30 శాతం. మొదటి వారమే దులుపుకునే సినిమాకు అది బాధ లేని నిచ్చెన. రెండో వారం, మూడో వారం లేచే సినిమాకు సరిగ్గా జనం వచ్చే సమయానికే వాటా తగ్గుతుంది. తెలుగులో ఈ పద్ధతి వస్తే చిన్న నిర్మాతలు అడగాల్సింది మొదటి వారం శాతం గురించి కాదు. మూడో వారం శాతం గురించి, ఆ మూడో వారం దాకా హాలులో ఉంచుతారా లేదా అన్న షరతు గురించి.